తెగడానికి చేసిన సీల

అక్టోబరు మూడో ఆదివారం.
గ్యారేజీ తలుపు సగమే ఎత్తాను.
ఎదురింటి అర్వో కోస్కెలాకి
నా మోకాళ్లు కనపడితే ఫరవాలేదు,
మొహం కనపడకూడదు.

ఇరవయ్యారేళ్లు స్కూలు బస్సు నడిపాను,
కాల్యుమెట్ గని రోడ్ల మీద.
ఇంజను ఎక్కడ మూలుగుతోందో
వెనక సీట్లో ఏ పిల్లకి జ్వరమొస్తోందో
రెండూ చెవితోనే పట్టేదాన్ని.
ఈ ఎర్ర స్నో బ్లోయర్ మాత్రం
ఏప్రిల్లో వదిలిన మూలనే అలిగి కూచుంది.
తాడు లాగాను. దగ్గింది.
మళ్లీ లాగాను. ఆ దగ్గూ లేదు.

తప్పు నాదే, ట్యాంకులో పెట్రోలు ఉంచేశాను.
ఆర్నెల్ల పెట్రోలు పెట్రోలు కాదు.
కార్బ్యురేటరు గిన్నె విప్పితే
అడుగంటిన పాకం, వార్నిష్ వాసన.
లోపల సూదిమొనంత రంధ్రం పూడిపోయింది.
తమ్ముడి గిటారు తీగ ముక్కతో పొడిచాను
(వాడిప్పుడు వాయించడం లేదు, అడిగినా చెప్పడు)
వెలుతురుకేసి పట్టి ఒక కన్ను మూస్తే
అందులో ఆకాశం, ఒక్క చుక్క.
ఇంజనుకి అంతే చాలు.

పాత నూనె కాఫీ డబ్బాలోకి దించాను.
నల్లగా, తొందర లేకుండా దిగింది.
ప్లగ్గు గీకాను, మనసొప్పక కొత్తది వేశాను.
బెల్టు అంచు పీచులేచింది,
ఇంకో ఏడాది వచ్చేస్తుందిలే అనుకున్నాను.
వచ్చేస్తుందిలే అనుకున్నవన్నీ
జనవరి అర్ధరాత్రే తెగుతాయి.
మార్చాను.

చివరికి ముందు మర.
చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీగ ఊడిందో లేదో రెండుసార్లు చూశాను,
పది వేళ్లతోనే పుట్టాను, పదీ కావాలి.
ఎడమ మర ఇరుసుతో ఏ సంబంధమూ లేనట్టు
వట్టినే తిరిగింది.
సీల తెగింది.
దాని వెనక, గొట్టం మొదట్లో,
మెలిపడి బిగుసుకుపోయిన ముద్ద.
ప్లాస్టిక్ సంచిలో వార్తాపత్రిక. ఏప్రిల్ తొమ్మిది.
మీద పేపరు కుర్రాడి పెన్ను రాత: కోస్కెలా.

ఆ పొద్దున రెండడుగుల మంచు.
నీ మంచంతా నా వాకిట్లో పోశావు, పైగా
నా పేపరు కూడా కాజేశావు అని అరిచాడు అర్వో.
పేపరా! పేపరు దొంగనా నేను!
ఇంకేరి పోయాక నీకు పోట్లాడ్డానికి మనిషి కావాలి,
వేరే ఇల్లు చూసుకో, అన్నాను.
మిషను విసురుగా నెట్టుకొచ్చి మూలన పడేశాను.
అదే ఆఖరి మంచు.
అదే ఆఖరి మాట.

తెగేదాకా లాగొద్దంటారు.
ఈ మర చేసినవాడు అలా అనుకోలేదు.
లాగుతారని తెలుసు వాడికి,
రాయో, కొమ్మో, గడ్డకట్టిన పేపరో అడ్డం పడుతుందనీ తెలుసు.
అందుకే రెండు డాలర్ల మెత్తటి సీల పెట్టాడు.
అది తెగుతుంది, గేర్ బాక్సు బతుకుతుంది.
నేనూ అతనూ అలా తయారవలేదు.
ఆ రోజు ఏది తెగిందో
ఇప్పటికీ విప్పి చూడలేదు.

కొత్త సీల దించి పిన్ను వంచాను.
సంచి విప్పితే పేపరు లోపల పొడిగానే ఉంది,
గడినుడి గళ్లన్నీ ఖాళీ.
పనిబల్ల మీద పెట్టి, పైన పానా ఉంచాను,
ఎగిరిపోకుండా అని చెప్పుకున్నాను. గాలి లేదు.

తాడు లాగాను.
మూడోసారికి అంటుకుంది.
నీలం పొగ, గ్యారేజీ నిండా మోత,
అరల్లో మేకుల డబ్బాలు వణికాయి.
ఆ మోతలో అడుగులు వినపడలేదు.
తలుపు కింద మాత్రం
ఒక జత రబ్బరు బూట్లు, కుడిదానికి అతుకు.
నాకూ అతని మొహం కనపడలేదు.

"చోకు ఎక్కువైంది" అన్నాయి బూట్లు.

నాకు తెలుసు. ఇరవయ్యారేళ్లుగా తెలుసు.
వినపడనట్టే నిలబడి
ఒక గీత తగ్గించాను.